కర్బనం, దాని రూపాంతరాలు

కర్బనం ఆవర్తన పట్టికలో 14వ గ్రూపుకు చెందిన తొలి మూలకం. దీని పరమాణు సంఖ్య 6, పరమాణు భారం 12.011. ప్రకృతిలో శుద్ధ రూపంలోనూ సమ్మేళనాల రూపంలోనూ లభించే ఈ అలోహం, విశ్వంలో హైడ్రోజన్, హీలియం, ఆక్సిజన్‌ల తరువాత అత్యధికంగా ఉన్న మూలకం. మానవ శరీర ద్రవ్యరాశిలో దాదాపు 18 శాతం కర్బనమే. ఒకే మూలకం ఒకటికి మించిన శుద్ధ రూపాలలో ఉండడాన్ని రూపాంతరత అనీ, ఆ రూపాలను రూపాంతరాలు అనీ అంటారు. వజ్రం, గ్రాఫైట్, గ్రాఫీన్, ఫుల్లరీన్లు, నానోగొట్టాలు కర్బన రూపాంతరాలలో ముఖ్యమైనవి. వీటి కాఠిన్యం, రంగు, విద్యుద్వాహకత వంటి ధర్మాలు ఒకదానికొకటి పూర్తిగా భిన్నమైనా, వాటన్నిటిలో ఉన్నది ఒకే రకం పరమాణువులు. ప్రతి పరమాణువు ఎన్ని పొరుగు పరమాణువులతో, ఏ దిశలలో బంధం ఏర్పరచుకున్నదన్న దాని మీదనే ఆ తేడా అంతా ఆధారపడి ఉంటుంది.

పరమాణు నిర్మాణం, బంధాలు

కర్బన పరమాణువులోని ఆరు ఎలక్ట్రాన్లలో రెండు లోపలి కక్ష్యలోనూ నాలుగు వెలుపలి కక్ష్యలోనూ ఉంటాయి. వెలుపలి కక్ష్య నిండడానికి మరో నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి గనుక, కర్బనం వాటిని పూర్తిగా లాక్కోకుండా, తనవాటిని పూర్తిగా వదులుకోకుండా, పొరుగు పరమాణువులతో ఎలక్ట్రాన్ జంటలను పంచుకొంటుంది. ఇలా ఏర్పడేది సమయోజనీయ బంధం. కర్బనం సంయోజకత నాలుగు అని 1858లో ఆగస్ట్ కెకులే ప్రతిపాదించగా, ఆ నాలుగు బంధాలు ఒకే తలంలో కాక చతుర్ముఖి నాలుగు మూలల వైపు చూస్తాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ వేర్వేరుగా ప్రకటించారు. వెలుపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ మేఘాలు కలిసిపోయి కొత్త దిశలలో సర్దుకొనే విధానాన్ని సంకరీకరణం అంటారు. 1931లో లైనస్ పౌలింగ్ వివరించిన ఈ భావన ప్రకారం కర్బన పరమాణువుకు మూడు ప్రధాన అమరికలు సాధ్యం: నలుగురు పొరుగువారితో చతుర్ముఖాకారంలో, ముగ్గురితో ఒకే తలంలో 120 డిగ్రీల కోణాలతో, ఇద్దరితో సరళరేఖలో. రూపాంతరాల వర్గీకరణకు ఈ మూడే పునాది.

కర్బన పరమాణువుల మధ్య ఏక బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 346 కిలోజౌళ్ల శక్తి అవసరం కాగా, అదే గ్రూపులోని సిలికాన్ పరమాణువుల మధ్య బంధానికి దాదాపు 222 కిలోజౌళ్లు చాలు. బంధాలకు ఇంత బలం ఉండడం వల్ల కర్బనం తనతో తానే గొలుసులుగా, శాఖలుగా, వలయాలుగా పెనవేసుకోగలదు; ఈ గుణాన్ని శృంఖలత్వం అంటారు. ఈ గుణం వల్లనే కర్బన సమ్మేళనాల సంఖ్య కోటికి మించిపోయింది. ఈ గుణం వల్లనే మరే మూలకమూ కలపకుండా, కేవలం కర్బనంతోనే ఇన్ని నిర్మాణాలు సాధ్యమయ్యాయి.

ఒకే మూలకమని తేలిన తీరు

బొగ్గు, మసి ప్రాచీన కాలం నుంచి అన్ని సమాజాలకూ తెలిసినవే అయినా, వజ్రంతో వాటికి చుట్టరికం ఉందన్న ఊహ 18వ శతాబ్దం వరకు రసాయన శాస్త్రంలో నిలదొక్కుకోలేదు. 1772లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజర్ పెద్ద కటకంతో సూర్యకాంతిని కేంద్రీకరించి వజ్రాన్ని మండించి, బొగ్గు మండినప్పుడు వెలువడే వాయువే అప్పుడూ వెలువడుతున్నదని గమనించాడు. అప్పటివరకు సీసపు ఖనిజమని భావించిన గ్రాఫైట్ కూడా అదే వాయువును ఇస్తుందని 1779లో షీలే చూపాడు. లవోయిజర్ 1789లో ప్రకటించిన మూలకాల జాబితాలో కర్బనం చోటు చేసుకొన్నది.

ఈ పరిశీలనలకు తూకం ద్వారా తిరుగులేని రుజువు చూపినవాడు ఆంగ్ల రసాయనవేత్త స్మిత్సన్ టెనెంట్. ఆయన 1797లో తూచిన వజ్రాలను సురేకారంతో కలిపి బంగారు గొట్టంలో కాల్చాడు. సురేకారం వేడికి ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. ఆ వేడిలో వజ్రం పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ వాయువు పరిమాణాన్ని కొలిచినప్పుడు, అంతే బరువున్న బొగ్గు మండితే ఎంత వస్తుందో అంతే వచ్చింది. వజ్రంలో కర్బనం తప్ప మరేదీ లేదని దీనితో స్థిరపడింది. ఒకే పదార్థం ఇంత భిన్నంగా ఎందుకుంటుందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి ఎక్స్-కిరణాల వరకు ఆగవలసి వచ్చింది: 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు వజ్రం లోపలి అమరికను, 1924లో జె.డి. బెర్నల్ గ్రాఫైట్ అమరికను ఛేదించారు.

వజ్రం

వజ్రంలో ప్రతి కర్బన పరమాణువూ నాలుగు పొరుగు పరమాణువులతో 109.5 డిగ్రీల కోణాలలో బంధించుకొని ఉంటుంది. బంధాల పొడవు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఈ అల్లిక మూడు దిశలలోనూ ఎడతెగకుండా సాగుతుంది గనుక వజ్రపు స్ఫటికం మొత్తాన్ని ఒకే మహా అణువుగా భావించవచ్చు. దేన్ని గీయాలన్నా బలమైన బంధాలనే తెంచవలసి రావడం వల్ల మోస్ కాఠిన్య సూచికలో దీనిది అగ్రస్థానమైన 10. అయితే కాఠిన్యమంటే గీతపడకపోవడమే గాని పగలకపోవడం కాదు. కొన్ని తలాల వెంబడి దెబ్బ తగిలితే వజ్రం నున్నగా చీలిపోతుంది, సానపట్టేవారు రాళ్లను విడదీయడానికి ఈ లక్షణాన్నే వాడుకొంటారు.

నాలుగు ఎలక్ట్రాన్లూ బంధాలలో ఇరుక్కుపోవడం వల్ల స్వేచ్ఛగా కదిలే ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగలదు. అందుకే శుద్ధ వజ్రం విద్యుద్బంధకం. ఆ ఎలక్ట్రాన్లను కదిలించడానికి దాదాపు 5.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. దృశ్యకాంతికి అంత శక్తి లేదు కనుక అది వజ్రం గుండా నిరాటంకంగా సాగిపోతుంది. వక్రీభవన గుణకం 2.42 కావడం వల్ల లోపలికి వెళ్లిన కాంతి పలుమార్లు పరావర్తనం చెంది రంగులుగా విడిపోయి బయటికి వస్తుంది. విద్యుత్తును అడ్డుకొనే ఈ పదార్థమే వేడిని మాత్రం రాగి కంటే దాదాపు ఐదు రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది. బిగువైన బంధాల వెంట పరమాణువుల కంపనాలే ఉష్ణాన్ని మోసుకుపోవడం దీనికి కారణం.

సహజ వజ్రాలలో అత్యధికం భూమి లోపల సుమారు 150 నుంచి 200 కిలోమీటర్ల లోతులో, అధిక పీడన ఉష్ణోగ్రతల వద్ద ఏర్పడ్డాయి; కింబర్‌లైట్ అనే అగ్నిశిల, అగ్నిపర్వత విస్ఫోటనాలలో వేగంగా పైకి వస్తూ వాటిని ఉపరితలానికి మోసుకొచ్చింది. 1720ల దశకంలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు అందించిన ప్రధాన దేశం భారతదేశమే. అందులోనూ కృష్ణా తీరపు ఒండ్రు గనులది పెద్ద వాటా. నేటి పల్నాడు జిల్లా ప్రాంతంలోని కొల్లూరు గనిని 17వ శతాబ్దంలో సందర్శించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, అక్కడ 60 వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. గోల్కొండ గని కాదు. ఈ గనుల రాళ్లకు అది సంతగా, సానపట్టే కేంద్రంగా పేరు పొందింది. కోహినూర్ కొల్లూరులోనే దొరికిందన్న నమ్మకం బలంగా ఉంది. తావెర్నియే ఫ్రాన్సుకు తీసుకుపోయిన నీలి వజ్రం నుంచి చెక్కినదే, నేడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న 45.52 క్యారట్ల హోప్ వజ్రం. వజ్రపు అల్లికలోకి కొద్దిపాటి బోరాన్ చేరితే నీలి రంగు, నైట్రోజన్ చేరితే పసుపు ఛాయ వస్తాయి. నైట్రోజన్ దాదాపు లేని స్వచ్ఛమైన రాళ్లకు రత్న వర్తకంలో నేటికీ గోల్కొండ వజ్రాలనే పేరు చెల్లుతున్నది. అనంతపురం జిల్లా వజ్రకరూరు వద్ద కింబర్‌లైట్ గొట్టాలను భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు. అక్కడా, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పరిసరాలలోనూ తొలకరి వానలకు పైమట్టి కొట్టుకుపోగానే, తేలిన రాళ్లలో వజ్రాల కోసం జనం చేలల్లో వెదకడం ఏటా కనిపించే దృశ్యం.

సాధారణ పీడనం వద్ద కర్బనానికి అత్యంత స్థిరమైన రూపం గ్రాఫైటే గాని వజ్రం కాదు. వజ్రం గ్రాఫైట్‌గా మారడానికి ముందు బలమైన బంధాలన్నీ తెగి కొత్తగా ఏర్పడాలి. గది ఉష్ణోగ్రత వద్ద అందుకు తగిన శక్తి లేకపోవడం వల్ల ఆ మార్పు జరగనట్లే లెక్క. వ్యతిరేక దిశలో, అంటే గ్రాఫైట్‌ను వజ్రంగా మార్చడంలో, స్వీడన్‌లోని అసెయా (ASEA) సంస్థ 1953లోనే సఫలమైనా వెంటనే ప్రకటించలేదు. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ట్రేసీ హాల్ సాధించిన ఫలితాన్ని ఆ సంస్థ మరుసటి ఏడాది వెల్లడించింది. ఇనుము, నికెల్, కోబాల్ట్ వంటి లోహాలను కరిగించి, దాదాపు 50 వేల వాతావరణాల పీడనం, 1400 డిగ్రీల సెల్సియస్ వేడి కలిగిస్తే ఆ ద్రవంలో కరిగిన కర్బనం వజ్రంగా స్ఫటికీకరిస్తుంది. రెండో పద్ధతిలో మీథేన్, హైడ్రోజన్ వాయువుల మిశ్రమాన్ని తక్కువ పీడనంలో ప్లాస్మాగా మార్చి, చిన్న వజ్రపు పలక మీద పొర వెంట పొరగా కర్బనాన్ని పేరుస్తారు. కోతకు, రాపిడికి, డ్రిల్లింగ్‌కు వాడే పారిశ్రామిక వజ్రాలలో అత్యధికం నేడు కృత్రిమమైనవే.

గ్రాఫైట్

గ్రాఫైట్‌లో ప్రతి పరమాణువూ ఒకే తలంలోని మూడు పొరుగు పరమాణువులతో బంధించుకొని, షడ్భుజాల అల్లికగా చదునైన పొరలను ఏర్పరుస్తుంది. పొరలోపలి బంధాల పొడవు 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే, అంటే వజ్రంలోకంటే పొట్టివీ, గట్టివీ. కాగా పొరకూ పొరకూ మధ్య దూరం 3.35 ఆంగ్‌స్ట్రామ్‌లు, వాటిని కలిపి ఉంచేవి బలహీనమైన వాండర్‌వాల్ ఆకర్షణలు. మెత్తదనం పొరల మధ్యది, బిగువు పొరలోపలిది. పెన్సిల్ కాగితం మీద ఆడినప్పుడు మిగిలే నల్లని గీత, ఈ పొరల నుంచి ఊడివచ్చిన సన్నని రేకుల వరుసే. గ్రాఫైట్ పొడికి బంకమట్టి కలిపి కాల్చి పెన్సిల్ ములుకులు చేసే పద్ధతిని 1795లో ఫ్రాన్సులో నికోలా జాక్ కాంటే కనిపెట్టాడు. మట్టి పాళ్లు పెరిగేకొద్దీ ములుకు గట్టిపడి గీత లేతబడుతుంది.

మూడు బంధాలకు మూడు ఎలక్ట్రాన్లు పోగా మిగిలిన నాలుగోది ఏ ఒక్క పరమాణువుకూ అంటిపెట్టుకొని ఉండక పొర అంతటా సంచరిస్తుంది. గ్రాఫైట్ నల్లగా, లోహపు మెరుపుతో ఉండడానికీ, పొరల వెంబడి విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయడానికీ ఈ ఎలక్ట్రాన్లే కారణం. పొరలకు అడ్డంగా మాత్రం వాహకత బాగా తగ్గిపోతుంది. సాధారణ పీడనం వద్ద గ్రాఫైట్ కరగదు, సుమారు 3,600 డిగ్రీల సెల్సియస్ దాటాక నేరుగా ఆవిరవుతుంది. అందుచేత ఉక్కు కరిగించే విద్యుత్ కొలిమిలలో దీన్ని ఎలక్ట్రోడ్లుగా వాడతారు. కందెనగా దీనికున్న పేరు పొరల జారుడు వల్ల మాత్రమే వచ్చింది కాదు: పొరల మీద గాలిలోని తేమ చేరితేనే రాపిడి తగ్గుతుంది, శూన్యంలో గ్రాఫైట్ కందెనగా పనికిరాదు. న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించగల దీని శక్తిని ఆధారం చేసుకొనే 1942 డిసెంబరు 2న షికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం గ్రాఫైట్ దిమ్మెలు పేర్చి తొలి నియంత్రిత అణు శృంఖల చర్యను సాధించింది. నేటి లిథియం-అయాన్ బ్యాటరీలలో రుణ ఎలక్ట్రోడు సాధారణంగా గ్రాఫైటే. ఛార్జింగ్ సమయంలో లిథియం అయాన్లు పొరల నడుమకు చేరి, ప్రతి ఆరు కర్బన పరమాణువులకు ఒకటి చొప్పున నిలుస్తాయి. తూర్పు కనుమల ఖొండలైట్ శిలలలో సహజ గ్రాఫైట్ కనిపిస్తుంది.

గ్రాఫీన్

గ్రాఫైట్‌లోని ఒక్క పొరను, అంటే ఒకే పరమాణువు మందం గల అల్లికను, గ్రాఫీన్ అంటారు. ఇంత పలుచని స్ఫటికం విడిగా నిలవజాలదని చాలాకాలం భావించారు. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గీమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ జరిపిన పని ఈ అభిప్రాయాన్ని మార్చింది. వారి పద్ధతి సులువైనది: గ్రాఫైట్ ముక్కకు అంటుకొనే టేపు అతికించి లాగితే కొన్ని పొరలు టేపుకు వస్తాయి, టేపును మడిచి మళ్లీ విప్పితే ఆ పొరలు రెండుగా చీలుతాయి, అలా చేస్తూ పోయి చివరకు మిగిలినదాన్ని ఆక్సైడ్ పూత గల సిలికాన్ పలక మీద ఒత్తితే, పూత మందాన్ని బట్టి మారే కాంతి ఛాయల ఆధారంగా ఒంటి పొరలను మామూలు సూక్ష్మదర్శినితోనే గుర్తించవచ్చు. ఈ కృషికి 2010లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

గ్రాఫీన్ తన మీద పడిన కాంతిలో 2.3 శాతాన్ని మాత్రమే శోషిస్తుంది. సాగదీసినప్పుడు తెగకుండా తట్టుకోవడంలో ఉక్కును ఎన్నో రెట్లు మించుతుంది. దీనిలో ఎలక్ట్రాన్లు ద్రవ్యరాశి లేని కణాలలాగా ప్రవర్తిస్తాయి. రెండు గ్రాఫీన్ పొరలను సుమారు 1.1 డిగ్రీల కోణంలో మెలితిప్పి పేరిస్తే అతి శీతల స్థితిలో అతివాహకత, అంటే నిరోధమే లేని విద్యుత్ ప్రవాహం, పుడుతుందని 2018లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని పాబ్లో జరిల్లో-హెర్రెరో బృందం చూపింది. ఇక్కడ పరమాణువుల పొరుగు సంఖ్య మారలేదు. పొరల మధ్య కోణం మారినంత మాత్రాన పదార్థపు గుణం మారిపోయింది.

ఫుల్లరీన్లు, నానోగొట్టాలు

షడ్భుజాలతో మాత్రమే అల్లిన పొర చదునుగా ఉంటుంది. నడుమ పంచభుజాలు చేరితే అది వంగుతుంది. సరిగ్గా 12 పంచభుజాలు చేరినప్పుడు పొర తనలోకి తాను మూసుకొని బోలు పంజరమవుతుంది. ఇటువంటి పంజర రూపాలను ఫుల్లరీన్లు అంటారు. 1985లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ క్రోటో, రాబర్ట్ కర్ల్, రిచర్డ్ స్మాలీ లేజర్ కిరణాలతో గ్రాఫైట్‌ను ఆవిరి చేసినప్పుడు 60 పరమాణువులు గల గుంపులు మిగతావాటి కంటే ఎక్కువగా వెలువడడం గమనించారు. 12 పంచభుజాలు, 20 షడ్భుజాలతో కుట్టిన ఫుట్‌బాల్ ఆకారమే ఆ అణువుదని వారు ఊహించగా, తరువాతి ప్రయోగాలు దాన్ని ధ్రువపరిచాయి. 1996లో ముగ్గురికీ రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. 1990లో క్రాచ్‌మర్, హఫ్‌మన్ గ్రాఫైట్ కడ్డీల మధ్య విద్యుత్ చాపంతో ఈ అణువును తగినంత పరిమాణంలో తయారుచేసే దారి చూపారు. వజ్రం, గ్రాఫైట్‌లకు భిన్నంగా ఫుల్లరీన్లు విడివిడి అణువులు గనుక టోలుయీన్ వంటి ద్రావణులలో కరుగుతాయి. నక్షత్రాల చుట్టూ ఉన్న వాయు మేఘాలలో సైతం ఇవి ఉన్నట్లు 2010లో స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు పరిశీలనల వల్ల తేలింది.

గ్రాఫీన్ పొరను చుట్టితే వచ్చే బోలు స్తంభమే కర్బన నానోగొట్టం. బహుళ గోడల గొట్టాలను జపాన్ శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా 1991లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపి లోకం దృష్టిని ఆకర్షించాడు. అంతకు ముందే 1952లో సోవియట్ పరిశోధకులు ఇటువంటి గొట్టాల చిత్రాలను ప్రచురించారు. ఏ దిశలో చుట్టామన్నదాన్ని బట్టి ఒక గొట్టం లోహంలా, మరొకటి అర్ధవాహకంలా ప్రవర్తించడం వీటి ప్రత్యేకత. ఫుల్లరీన్లు, నానోగొట్టాలు, గ్రాఫీన్ రంగాలలో భారతదేశం నుంచి విశేషంగా కృషి చేసినవారిలో బెంగళూరుకు చెందిన సి.ఎన్.ఆర్. రావు ముఖ్యులు.

ఇద్దరు పొరుగువారితోనే సరిపెట్టుకొనే కర్బన రూపాలు చాలా చురుకైనవి కావడం వల్ల వాటిని విడిగా పట్టుకోవడం కష్టం. 18 పరమాణువుల వలయాన్ని 2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాల పరిశోధకులు, అతి శీతల స్థితిలో ఉప్పు పూత వేసిన రాగి ఉపరితలం మీద, పూర్వ అణువు నుంచి ఆక్సిజన్ గల భాగాలను సూదిమొనతో ఒక్కొక్కటిగా తొలగించి నిర్మించారు. ఆ వలయంలో ఏక బంధాలు, త్రిబంధాలు ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయని వారు తీసిన చిత్రాలు చూపాయి.

అస్ఫటిక రూపాలు

కట్టెబొగ్గు, మసి, కోక్ వంటివాటిలో పరమాణువుల క్రమం దూరం వరకు సాగదు; చిన్నచిన్న గ్రాఫైట్ తునకలు చిందరవందరగా పేరుకొని, వాటి నడుమ ఖాళీలు మిగులుతాయి. వీటిలో కొన్నిటిని 2,000 డిగ్రీలకు మించి వేడిచేస్తే తునకలు సర్దుకొని గ్రాఫైట్‌గా మారతాయనీ, కొన్ని ఎంత వేడిచేసినా మారవనీ 1951లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ వర్గీకరించింది. గాలి తగలకుండా కట్టెను కాలిస్తే కట్టెబొగ్గు, అదే తీరులో ఖనిజ బొగ్గును కాలిస్తే కోక్ లభిస్తాయి. నూనె దీపం మీద పాత్ర బోర్లిస్తే అంటుకొనే మసి, అసంపూర్ణ దహనంలో మిగిలిపోయిన కర్బనం. ఇంటింటా కాటుకగా పెట్టుకొన్నదీ, తాళపత్రం మీద గంటంతో గీసిన అక్షరాలు కనిపించేందుకు రుద్దినదీ ఇదే. కర్బనం కాంతికీ గాలికీ మార్పు చెందదు గనుక ఆ రాతలు శతాబ్దాల పాటు వెలిసిపోలేదు. పరిశ్రమలలో తయారయ్యే నాణ్యమైన మసిని టైర్ల రబ్బరులో కలిపితే అరుగుదల తగ్గుతుంది. కొబ్బరి చిప్పల బొగ్గును నీటి ఆవిరితో అధిక ఉష్ణోగ్రత వద్ద శుద్ధి చేస్తే సూక్ష్మ రంధ్రాలు తెరుచుకొని ఉత్తేజిత కర్బనం తయారవుతుంది. ఒక్క గ్రాములో ఐదు వందల నుంచి వెయ్యి చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉండడం వల్ల, నీటిలోని రంగులు, వాసనలు, మలినాలు దానికి అంటుకొని నిలిచిపోతాయి. ఈ ప్రక్రియను అధిశోషణం అంటారు.

ఖనిజ బొగ్గు శుద్ధ కర్బనం కాదు; హైడ్రోజన్, ఆక్సిజన్, గంధకం, బూడిద కలిసిన శిల. బురద నేలలలో పూడిపోయిన వృక్షజాలం ఒత్తిడికీ వేడికీ లోనై పీట్, లిగ్నైట్, బిట్యుమినస్, ఆంత్రసైట్ దశలు దాటేకొద్దీ కర్బనం పాలు పెరుగుతుంది. ఆంత్రసైట్‌లో అది 90 శాతాన్ని మించుతుంది. గోదావరి లోయలోని గోండ్వానా బొగ్గును 1871లో ఇల్లెందు సమీపంలో డాక్టర్ విలియం కింగ్ గుర్తించగా, 1889లో తవ్వకం మొదలైంది. ఆ గనులే తరువాత సింగరేణిగా ప్రసిద్ధికెక్కాయి. ఈ బొగ్గు విద్యుత్ కేంద్రాలకు తగినదే గాని కోక్ తయారీకి తగినది కాదు. అందుచేత విశాఖ ఉక్కు కర్మాగారం తన కోక్ అవసరాలకు ఎక్కువగా దిగుమతి బొగ్గు మీద ఆధారపడుతుంది.

ఐసోటోపులు, కర్బన చక్రం

సహజ కర్బనంలో దాదాపు 98.9 శాతం కర్బనం-12, మిగిలినదంతా దాదాపుగా కర్బనం-13. కర్బనం-12 కేంద్రకాలు నక్షత్రాల గర్భంలో, పది కోట్ల డిగ్రీల వేడిలో, మూడు హీలియం కేంద్రకాల కలయికతో ఏర్పడతాయి. ఈ చర్య తగిన వేగంతో జరగాలంటే కర్బన కేంద్రకానికి ఒక ప్రత్యేక శక్తిస్థాయి ఉండి తీరాలని 1953లో ఫ్రెడ్ హాయిల్ ముందుగా చెప్పగా, అమెరికాలో జరిగిన ప్రయోగాలు దాన్ని నిర్ధారించాయి. 1961 నుంచి పరమాణు భారాలన్నిటికీ కర్బనం-12 ప్రమాణం. అతి స్వల్పంగా ఉండే కర్బనం-14 రేడియోధార్మికమైనది. అంతరిక్ష కిరణాల వల్ల పుట్టిన న్యూట్రాన్లు వాతావరణంలోని నైట్రోజన్‌ను తాకినప్పుడు ఏర్పడే ఈ ఐసోటోపు అర్ధాయువు సుమారు 5,730 సంవత్సరాలు. జీవి బతికినంతకాలం ఆహారం, శ్వాసల ద్వారా దీన్ని గ్రహిస్తూ ఉంటుంది. మరణించాక కొత్తగా చేరేది ఉండదు గనుక మిగిలినదాన్ని కొలిచి, సుమారు 50 వేల ఏళ్ల లోపు అవశేషాల వయసు తేల్చవచ్చు. ఈ పద్ధతిని రూపొందించిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి లభించింది.

వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా పిండిపదార్థాలుగా మారుస్తాయి; శ్వాసక్రియ, కుళ్లడం, దహనం దాన్ని తిరిగి గాలిలోకి చేరుస్తాయి. సముద్రాలు కొంత భాగాన్ని కరిగించుకొని, చివరకు సున్నపురాయిగా అడుగున నిలుపుతాయి. ఈ రాకపోకలన్నిటినీ కలిపి కర్బన చక్రం అంటారు. పారిశ్రామిక విప్లవానికి ముందు వాతావరణంలో పది లక్షల భాగాలకు దాదాపు 280 భాగాలుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్, 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవులలోని మౌనా లోవా వద్ద క్రమబద్ధంగా కొలవడం ప్రారంభించేనాటికి 315 దగ్గరికి, నేటికి 420 పైకి చేరింది. ఈ పెరుగుదలకు మూలం ఎక్కడన్నది ఐసోటోపులే తేల్చాయి. కోట్ల సంవత్సరాలుగా నేలలో ఉన్న బొగ్గు, చమురులలో కర్బనం-14 పూర్తిగా క్షీణించిపోయి ఉంటుంది. అవి మండి గాలిలో కలిసేకొద్దీ వాతావరణంలోని కర్బనం-14 పాలు పలచబడుతుంది. 1950లలో హాన్స్ స్వెస్ చెట్ల వలయాలలో గుర్తించిన ఈ పలచబాటు, గాలిలో అదనంగా చేరుతున్న కర్బనంలో అధిక భాగం శిలాజ ఇంధనాల నుంచే వస్తున్నదనడానికి ప్రత్యక్ష సాక్ష్యంగా నిలిచింది.